లోపలి నుంచి లెక్క

రాజభవనంలో సుత్తి చప్పుడు మైనమ్మకు కొత్త కాదు. ఏడాదిగా మరమ్మతులు నడుస్తున్నాయి; ఏదో ఒక మూల ఎవరో ఒకరు ఏదో ఒకటి కొడుతూనే ఉన్నారు. అయితే ఆ బుధవారం ఉదయం, ఒక చేత మైనం డబ్బా, ఒక చేత మోకాలి దిండు పట్టుకుని పై అంతస్తు మెట్లెక్కుతున్నప్పుడు ఆమె అరికాలికి తగిలిన అదురు మాత్రం కొత్తది. చెక్కనేల మీద పుట్టిన అదురు ఎన్ని గదుల అవతలి నుంచి వస్తోందో చెవి కన్నా ముందు పాదం చెబుతుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ నేల మీదే బతుకుతున్న పాదం కనక లెక్క తప్పదు.

"రెండో గది," అంది మైనమ్మ, చివరి మెట్టు మీదే ఆగిపోయి. "నా రెండో గదిలో కొడుతున్నారే!"

వెనకే వస్తున్న ఆడపడుచు గుడ్డల బుట్ట దించింది. ఆమె నోటికి తెరిపి లేదు కనక భవనమంతా ఆమెను రేడియో అనే పిలుస్తుంది. "కొడితే కొట్టనీ వదినా. నీ మొగుణ్ణి కాదుగా కొట్టేది," అంది.

"మీ అన్నయ్యను కొట్టినా ఓర్చుకుందును. ఆ నేలను కొడితే ఊరుకోను," అని మైనమ్మ పరుగు అందుకుంది.

ఆమె ఎందుకంతలా పరుగెత్తిందో అర్థం కావాలంటే ముందు ఆ గదుల అమరిక, ఆ తర్వాత ఆ పని తీరు తెలియాలి. భవనం ఉత్తర భాగంలో పై అంతస్తున తొమ్మిది గదులు, రైలుపెట్టెల్లా ఒకదాంట్లోంచి ఒకటి తెరుచుకుంటాయి. వేరే నడవా లేదు. మెట్లు ఒక కొసన ఉన్నాయి, రెండో కొసన గోడ. రాజుల కాలంలో పరిచిన చెక్క, ఒక్క గదిలో తప్ప, నేటికీ అలాగే ఉంది. దానికి పదిహేను రోజులకు ఒకసారి తేనెమైనం, టర్పెంటైన్ కలిపి కాచిన పూత పెట్టాలి. పూసిన చోట రెండు గంటల దాకా కాలు మోపకూడదు. కాబట్టి పని ఎప్పుడూ లోపలి కొసన మొదలవుతుంది. పూసుకుంటూ, మోకాళ్ల మీద వెనక్కి వెనక్కి జరుగుతూ వచ్చి, మెట్ల దగ్గర ముగుస్తుంది.

ఈ పాఠం మైనమ్మ కాపురానికి వచ్చిన ఏడాదే నేర్చుకుంది. అప్పటికి అత్తగారు అక్కడ నేలపనికి పెద్ద. ఇరవై రెండేళ్ల కొత్త కోడలి చేతికి గుడ్డ ఇచ్చి, "ఒక్క గది పూసి చూపించు," అని టీ తాగడానికి వెళ్లారు. కోడలు గుమ్మం దగ్గర మొదలుపెట్టింది. ముఖం కనిపించేలా మెరిపిస్తూ, వెనక్కి జరుగుతూ, లోపలి గోడకు వీపు తగిలాక గాని చూసుకోలేదు: తన మోకాళ్ల కింద తప్ప గదంతా తడి. ఇక చేసేదేముంది? కాళ్లు ముడుచుకుని కిటికీ గట్టెక్కి రెండు గంటలు కూర్చుంది. అత్తగారు తిరిగివచ్చి గుమ్మంలో నిలబడి, "కిటికీల మీద పావురాలే వాలతాయనుకున్నాను, కోడళ్లు కూడా వాలతారన్నమాట," అన్నారు. పని చేసేవాళ్లందరూ విరగబడి నవ్వారు. పూత ఆరాక కోడలిని దింపుకుని, గదులు వేలితో చూపిస్తూ ఆవిడ చెప్పిన మాట మైనమ్మ మరిచిపోలేదు.

"లోపల ఒకటి. మెట్ల దగ్గర తొమ్మిది. నాలుగు తరాలుగా మన లెక్క ఇదే. అంకె ఎంత పెరిగితే ఇంటికి అంత దగ్గర."

మైనమ్మ భర్త సిటీ బస్సు నడుపుతాడు. "మా ఇంట్లో ముందుకు వెళ్లే ఉద్యోగం ఈయనొక్కడిదే," అని ఆమె అందరికీ చెబుతుంది.

ఆ ఉదయం మాత్రం మైనమ్మ ముందుకే పరుగెత్తింది. మెట్లను ఆనుకుని ఉన్న తొమ్మిదో గదిలోంచి లోపలికి, గది తర్వాత గది. ఈ భవనం చరిత్రను పుస్తకాల్లో చదివినవారు చాలామంది ఉన్నారు; ఆమె మోకాళ్ల కింద చదువుకుంది. తొమ్మిదో గదిలో గోడ పొడవునా నేల సన్నగా అరిగి ఉంటుంది. ఎంతోమంది, ఎంతోకాలం, ఆ గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఎనిమిదో గదిలో నల్లటి వలయం, మూడు కాళ్ల ఇనుప పొయ్యి కాల్చిన గుర్తు. ఏడో గదినిండా సిరా మరకలు, ఎందుకంటే రాజులు వెళ్లాక గుమాస్తాలు వచ్చారు. ఆరో గదిలో గుర్రపు డెక్కల అచ్చులు అయిదు. చివరి రాజు వెనక ద్వారం గుండా జారుకున్న రోజున ఒక సిపాయి సంతోషం పట్టలేక గుర్రంతో సహా మెట్లెక్కి వచ్చాడట. గుర్రానికి కాళ్లు నాలుగైతే అచ్చులు అయిదెలా పడ్డాయని రేడియో ఇప్పటికీ అడుగుతుంది. అయిదో గదిలో చెక్కే లేదు. యుద్ధకాలంలో అంతస్తును ఆసుపత్రి చేసినప్పుడు అక్కడ నిప్పంటుకుంది, ఆ తర్వాత సిమెంటు పోశారు. నాలుగు, మూడు గదుల్లో ఇనుప మంచాల కాళ్లు దింపిన గుంటలు బారులు తీరి ఉంటాయి.

ఆ తర్వాత రెండో గది. చిన్నది, ఒకటే పెద్ద కిటికీ. సందర్శకులను అక్కడికి రానివ్వరు. పాత కుర్చీలు పేర్చి తలుపు మూసి ఉంచుతారు. కానీ భవనం మొత్తంలో అంతటి నేల లేదు. ఎర్రచెక్క, నల్లచెక్క, తెల్లచెక్క కోసి ఆకులూ తీగలుగా పొదిగారు. వేలితో తడిమితే అతుకు తెలియదు. కిటికీ కింద మాత్రం చిన్న గుంటలు నాలుగు, జానెడు ఎడంగా. వాటిలో మైనం పేరుకుంటుంది. చెక్కిన పుల్లతో దాన్ని తియ్యడం నేలపనివాళ్లకు తరతరాల అలవాటు. ఎందుకు తియ్యాలని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆ కిటికీ గట్టునే మేస్త్రీ సుత్తితో ఊడగొడుతున్నాడు. గోడ మీద సుద్దముక్కతో నిలువెత్తు చతురస్రం గీసి ఉంది.

"ఆపు! ఆపు నాయనా!"

మేస్త్రీ ఉలిక్కిపడ్డాడు. "ఏంటక్కా, కొంపలంటుకున్నట్టు ఆ కేకలేంటి?"

"ఈ గది ఎందుకు కొడుతున్నావు? నువ్వు తియ్యాల్సింది ఎనిమిదోది!"

"ఎనిమిదోదే తీస్తున్నా. లిఫ్టు పెడతారంట. గోడ పడగొట్టి, నేల కోసి, కింది దాకా బావిలా దింపాలి."

"ఇది రెండోది!"

మేస్త్రీ ఆమె ముఖంలోకి జాలిగా చూశాడు. "పొద్దున్నే ఏమన్నా తిన్నావా అక్కా?" అని, సుత్తి కర్రతో గుమ్మం పైకి చూపించాడు.

తలుపు పైకమ్మీ మీద ఇత్తడి బిళ్ల ఉంది. దాని మీద ఎనిమిది అంకె ఉంది.

మైనమ్మ నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయింది. ఆ తలుపు అడుగున పెచ్చులూడిన రంగు, కింది మడతబందు తుప్పు, గడపలో మేకు తల, అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. పైకమ్మీ మాత్రం ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్నడూ చూడలేదు. నేల చూసే మనిషికి తల ఎత్తే పనేముంది?

"అన్ని గదులకూ ఉన్నాయా ఈ బిళ్లలు?" అంది నెమ్మదిగా.

"మెట్ల దగ్గర ఒకటి, ఇటు చివర తొమ్మిది. లోకమంతా అట్లాగే కదా లెక్కపెట్టేది," అన్నాడు మేస్త్రీ. జేబులోంచి మడత కాగితం తీశాడు. "అయినా నన్నంటావేంటి? ఒప్పుకుంటూ సంతకం పెట్టింది నువ్వేగా!"

కిందటి శుక్రవారం పెరట్లో ఆమె మైనం కాస్తుండగా ఇంజనీరు వచ్చిన మాట నిజమే. పొంగుతున్న డబ్బా మీంచి చూపు తిప్పే వీలు లేని సమయం. "ఎనిమిదో గది నేలలో విలువైనదేమైనా ఉందా అమ్మా?" అని అడిగాడు. ఆమె తన ఎనిమిదో గదిని, నల్ల వలయాన్ని తలుచుకుంది. ఆ మరక చుట్టూ చెక్క బొగ్గయి, ఎంత పూసినా తాగేస్తుంది. నాలుగు పలకలు మారుస్తారు కాబోలనుకుంది. "కాలిన చెక్క బాబూ, ఏముంది అక్కడ? తీసెయ్యండి, నా మోకాళ్లకు పుణ్యముంటుంది," అని నవ్వుతూ సంతకం చేసింది. నేలపని పెద్దే విలువ లేదని రాసిచ్చాక ఇక అడ్డేముంది?

తన కంట్లో తన వేలే పొడుచుకుంది. పొడుచుకుని నవ్వింది కూడా.

"ఇంజనీరు ఎప్పుడొస్తాడు?"

"పన్నెండింటికి. వచ్చి గీత సరిచూస్తే గోడ మీద దెబ్బ పడుతుంది." మేస్త్రీ ఆమె ముఖం చూసి సుత్తి కింద పెట్టాడు. "అప్పటిదాకా కుర్చీలు మోస్తుంటాలే. పోయి ఎవరితో మాట్లాడుకుంటావో మాట్లాడుకో."

తొమ్మిది కావస్తోంది. అక్కాచెల్లెళ్లలా పోట్లాడుకునే వదినా ఆడపడుచులు ఇద్దరూ మెట్లు రెండేసి దిగి, కింది ప్రదర్శనశాలలో ఉన్న చరిత్రాధికారి దగ్గరికి వెళ్లారు.

ఆయన ముప్పై ఏళ్లుగా ఆ భవనంలోనే ఉన్నారు. మంచివారు; పనివాళ్లను కూడా మీరు అనే పిలుస్తారు. ప్రతి గది గుమ్మంలో ఉన్న పేరుపలక ఆయన రాయించిందే. ఇటుక మందాన భవన చరిత్ర రాశారు. ఆదివారం కొత్త ప్రదర్శనశాల తెరవాలి. నిచ్చెనెక్కి, గోడంత పెద్ద పటాన్ని స్వయంగా సరిచేస్తున్నారు.

"సార్, పై గది కొట్టేస్తున్నారు, ఆపించండి," అంది మైనమ్మ, ఊపిరి తిప్పుకోకుండానే.

"ఏ గది?"

ఆమె ఒక్క క్షణం ఆగింది. ఇకమీదట ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదని అప్పుడే నిశ్చయించుకుంది. "బిళ్ల మీద ఎనిమిది అని ఉన్నది," అంది.

"ఓ, పనివాళ్ల గది. అక్కడ మైనం కాచేవారు. కనకనే లిఫ్టుకు ఒప్పుకున్నాను."

"మైనం కాచే గదికి ఆకులూ తీగల నేల ఎందుకు సార్?"

"మిగిలిపోయిన ముక్కలతో వేసి ఉంటారు. నా పుస్తకంలో నాలుగో అధ్యాయం," అని ఆయన నిచ్చెన దిగారు. "ఊహించి చెప్పడం లేదమ్మా. ఆధారం ఇదిగో."

గోడ మీది పటం ఒక పాత కాగితాన్ని పెద్దది చేసి అచ్చువేసినది. రాజుల కాలంలో తొమ్మిది గదుల నేలలను ఎలా చూసుకోవాలో రాసిపెట్టిన పట్టిక. ఇన్నాళ్లూ ఇనుప పెట్టెలో ఉన్నదాన్ని మొదటిసారి బయటపెట్టారు. మైనమ్మ దగ్గరకు వెళ్లి, వేలు పెట్టి, ఒక్కొక్క వాక్యమూ చదివింది.

"ఒకటవ గది, రాణిగారి శయ్యాగృహము. రెండు పూతలు. రెండవ గది, రాణిగారి పఠనమందిరము. కిటికీ క్రింద పాదపీఠపు గుంటలు నాలుగు; అందు మైనము పేరుకొనకుండ పుల్లతో తీయవలెను."

వేలు అక్కడే ఆగిపోయింది. మళ్లీ గబగబా కింది వరసలకు జారింది.

"ఎనిమిదవ గది, మైనము కాచు గది. తొమ్మిదవ గది, దర్శనమునకు వచ్చినవారు వేచియుండు గది. అచ్చట తలుపు వద్ద లేచి నిలబడవలెను."

"రాజు ఎదురుపడితే లేచి నిలబడాలని ఆజ్ఞ," అని చరిత్రాధికారి వివరించారు. "దీని మీదే ఒక పూర్తి అధ్యాయం రాశాను."

మైనమ్మ నవ్వింది. ఆపుకోలేక, గోడకు చెయ్యి ఆనించి మరీ నవ్వింది. "రాజుగారికి కాదు సార్! పని అయిపోయింది, ఇక మోకాళ్ల మీంచి లెమ్మని! తొమ్మిదో గది తలుపు దగ్గరే కదా మేం లేచేది? ఇది మా కాగితం సార్. మావాళ్లు మావాళ్లకు రాసుకున్నది. లోపల ఒకటి, మెట్ల దగ్గర తొమ్మిది!"

ఆయన ముఖంలో రంగులు మారాయి. "అంటే... నేను తలకిందులుగా..." అని, వెంటనే సర్దుకున్నారు. "లేదు, లేదు. దర్శనార్థులను లోపలి కొస గదిలో కూర్చోబెట్టేవారు. ఎనిమిది గదుల వైభవం చూపించి మరీ తీసుకెళ్లేవారు."

"ఎనిమిది గదుల్లోంచీనా?" అంది రేడియో. "అయితే మీ పలక ప్రకారం మెట్లెక్కగానే రాణిగారి పడకగది కదా సార్. అర్జీ పెట్టుకున్న ప్రతివాడూ ఆవిడ మంచం పక్క నుంచే వెళ్లేవాడా? రోజూనా?"

"రాణిగారు పెందరాళే లేచేవారని..." అంటూ మొదలుపెట్టి ఆయన ఆగిపోయారు. అది కూడా ఒక అధ్యాయమేనని ఆ మౌనం వల్ల ఇద్దరికీ తెలిసింది.

మైనమ్మ ఫోను తీసి ఇంటికి చేసి, అందరికీ వినిపించేలా పెట్టింది. అత్తగారికి మోకాళ్లు అరిగి పదకొండేళ్లయింది. అప్పటి నుంచి ఆవిడ ఆ మెట్లు ఎక్కలేదు. గొంతు మాత్రం అరగలేదు.

"అత్తయ్యా, మనకి ఒకటో గది ఏది?"

"ఏమే, మతి పోయిందా? లేకపోతే మళ్లీ కిటికీ ఎక్కావా?"

"చెప్పండి అత్తయ్యా, సారు వింటున్నారు."

"లోపలి కొసది. మెట్ల దగ్గరిది తొమ్మిది. ఎనిమిదో దాంట్లో మా అత్తగారి అత్తగారు మైనం కాచేవారంట. ఇది చెప్పడానికి ఫోనెందుకు, పొయ్యి మీద కూర మాడుతోంది ఇక్కడ!" అని పెట్టేశారు.

చరిత్రాధికారి కళ్లజోడు తీసి తుడిచారు. పాపం, ఆయన వైపు నుంచి చూస్తే అది చిన్న విషయం కాదు. ముప్పై ఏళ్ల పని, తొమ్మిది పలకలు, ఇటుక మందాన పుస్తకం. "నోటిమాట మీద చరిత్ర మార్చలేనమ్మా," అన్నారు చివరికి. గొంతులో గట్టితనం లేదు.

"నోటిమాట వద్దు. వేలు పెట్టి చూడండి. కాగితంలో నాలుగు గుంటలని ఉంది కదా, మీ పలక మీద పఠనమందిరమని ఉన్న గదిలో చూపించండి."

"అరిగిపోయాయి."

"గుంట అరగడమేంటి సార్? అరిగితేనే కదా గుంట పడేది!"

ఆయన తల వంచుకుని మెట్ల వైపు నడిచారు. రేడియో వదిన నడుం మీద పొడిచింది. మైనమ్మ పొడవవద్దని కళ్లతో చెప్పింది.

మొదట బిళ్ల మీద రెండు అని ఉన్న గదికి వెళ్లారు. అక్కడ ఎర్రతాడు అవతల ఒక కుర్చీ, దాని ముందు నల్ల వలయం. ఆ పక్కన పలక మీద, రాణిగారు చదువుకుంటూ పాదాలు వెచ్చబెట్టుకున్న కుంపటి గుర్తు ఇది అని ఉంది. గుంటలు లేవు. కుర్చీల మోత ఆపేసి వాళ్ల వెంట పడిన మేస్త్రీ మాత్రం నేల చూడలేదు. గోడ మూలన పైకప్పు దగ్గర చెయ్యి ఆనించి తట్టాడు.

"ఇక్కడ పొగగొట్టం ఉండేది సార్. పూడ్చేసి సున్నం కొట్టారు. ఆ లోపలి గదిలో పొద్దుట్నుంచీ నాలుగు గోడలూ తట్టి చూశా, బెజ్జం అన్నది లేదు. పొగ పోయే దారి లేని గదిలో టర్పెంటైన్ కాస్తే, రాణిగారు కాదు కదా రాజ్యమే లేచిపోయేది!"

చరిత్రాధికారి పరుగులాంటి నడకతో లోపలి గదికి వెళ్లారు. వాళ్లు వచ్చేసరికి కిటికీ ముందు నిలబడి ఉన్నారు.

"ఎక్కడ?"

"నిలబడితే కనపడవు సార్," అని మైనమ్మ తన మోకాలి దిండు నేల మీద వేసింది.

ముప్పై ఏళ్లలో మొదటిసారి ఆయన ఆ నేల మీద మోకరించారు. ఆమె ఆయన చూపుడువేలిని పట్టుకుని ఒక్కొక్క గుంటలో పెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. చిన్న పీట కాళ్లు నాలుగు, కిటికీ వెలుగుకు ఎదురుగా. అక్కడ కూర్చుంటే పుస్తకం మీద నేరుగా వెలుగు పడుతుంది. ఆయన వంగి, ఆకుల మీద, తీగల మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయారు. ఏడుస్తున్నారేమోనని మైనమ్మ భయపడింది.

తల ఎత్తినప్పుడు ఆయన ముఖం పదేళ్ల పిల్లవాడి ముఖంలా వెలిగిపోతోంది.

"పడకగది మెట్ల పక్కన ఎందుకుందో సమర్థించడానికి నలభై పేజీలు రాశానమ్మా," అన్నారు. "కుట్రకు భయపడి పారిపోవడానికి వీలుగా పడుకునేదన్నాను. పాపం, ఆవిడ ఏ భయమూ లేకుండా ఆ లోపలి గదిలో హాయిగా నిద్రపోయింది!"

ఇక ఆయనను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. మోకాలి దిండు చంకలో పెట్టుకుని గది గదికీ పరుగు. పట్టికను ఈసారి లోపలి నుంచి చదువుతూ, ఒక్కో గుమ్మంలో కేక పెడుతూ వచ్చారు. మెట్ల పక్క గదిలో గోడ వెంట నేల ఎందుకు అరిగిందని మైనమ్మను అడిగి, ఆమె చెప్పేలోగా తానే జవాబిచ్చారు: "దర్శనార్థులు! ఇక్కడే! గోడకు ఆనుకుని!" మూడో గదిలోని సంగీతం, నాలుగో గదిలోని భోజనం, అన్నీ ఎక్కడివక్కడ కుదురుకున్నాయి. రేడియో కూడా మాట మరిచిపోయి చూసింది. అది ఆ భవన చరిత్రలోనే తొలిసారి.

పన్నెండింటికి ఇంజనీరు వచ్చాడు. చరిత్రాధికారి రొప్పుతూ అంతా చెప్పారు. అతను పొదుపైన మాటల మనిషి. విన్నాడు, గుంటలు చూశాడు, తల ఊపాడు.

"సరే. ఈ గది వదిలేద్దాం. లిఫ్టు మెట్ల దగ్గరి రెండో గదిలో పెడదాం. ఆ నేల ఎలాగూ కాలిందన్నారు." కాగితం మీద అంకె కొట్టేసి, కొత్త అంకె వేసి, కలం మైనమ్మకు అందించాడు. "ఇంకో సంతకం పెట్టండమ్మా."

మైనమ్మ కలం అందుకుంది. ఈసారి ఆ గది దాకా వెళ్లి, తల ఎత్తి, పైకమ్మీ మీద బిళ్ల చూసింది. రెండు. తర్వాత అలవాటు ప్రకారం నేల చూసింది.

నల్ల వలయం. ఇన్నేళ్లూ ఆమె దాన్ని తిట్టుకుంటూనే పూసింది. ఇప్పుడు ఆమె కంటికి ఎర్రతాడు లేదు, కుర్చీ లేదు, రాణి లేదు. ఆ వలయం దగ్గర, అత్తగారు ఫోనులో చెప్పిన ఆ పెద్దావిడ గొంతుక్కూర్చుని డబ్బా కలుపుతోంది. ఆవిడ కోసం ఎవరూ పలక రాయించలేదు. ఆవిడ ఉన్నట్టు చెప్పే గుర్తు లోకంలో ఆ బొగ్గు మరక ఒక్కటే.

"వదినా," అంది రేడియో. ఎన్నడూ లేనంత చిన్న గొంతుతో. "ఇది మన గది."

మైనమ్మ కలానికి మూత పెట్టింది.

"ఇది కూడా కుదరదు బాబూ."

"అమ్మా, ఆవిడ గదీ వద్దు, మీ గదీ వద్దంటే లిఫ్టు నా నెత్తి మీద పెట్టాలా?"

"అయిదో గదిలో పెట్టండి."

"ఏ అయిదు? మీ అయిదా, మా అయిదా?"

"ఎటు నుంచి లెక్కపెట్టినా అయిదు అయిదే!" అంది మైనమ్మ. ఆ మాట అన్నాక గాని అందులోని తమాషా ఆమెకు తట్టలేదు. ఇన్నేళ్లూ రెండు లెక్కలూ ఒకదానితో ఒకటి పడకుండా నడిచి, ఆ ఒక్క గుమ్మంలోనే కలుసుకున్నాయి. "అక్కడ చెక్క ఎప్పుడో కాలిపోయింది, ఉన్నది సిమెంటు. పెరటి వైపు గోడకు పెట్టండి, గదుల దారికి అడ్డం రాదు. అయినా లిఫ్టు ఎవరికి? నడవలేనివాళ్లకే కదా. మధ్యలో దిగితే ఎటు వెళ్లినా సగం దూరమే. ఈ కొసన దింపితే ఆ కొస చూడాలంటే తొమ్మిది గదులూ నడవాలి, మళ్లీ వెనక్కి రావాలి. మా అత్తగారి మోకాళ్లతో ఒకసారి నడిచి చూడండి, తెలుస్తుంది."

ఇంజనీరు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ అయిదో గదికి నడిచి, సిమెంటు నేలను మడమతో రెండుసార్లు తన్ని చూసి, "చెక్క కోసే పని తప్పుతుంది సార్, నాకూ వారం కలిసొస్తుంది," అన్నాడు. టేపు తీశారు. అటు కొలిచారు, ఇటు కొలిచారు. ఒకటింబావుకు ఇంజనీరు కాగితం మీద రెండో అంకె కూడా కొట్టేసి అయిదు వేశాడు. మైనమ్మ సంతకం చేసేముందు అడిగింది, "ఇది ఎటు నుంచి లెక్కో కూడా రాయండి," అని. రాశాడు.

ఆదివారం జరగాల్సిన ప్రారంభం మూడు నెలలు వెనక్కి వెళ్లింది. తొమ్మిది పలకలూ కొత్తగా రాశారు. మేస్త్రీ తాను ఊడగొట్టిన కిటికీ గట్టును తిరిగి కట్టాడు. చరిత్రాధికారి తన పుస్తకం మళ్లీ మొదలుపెట్టారు. చివరి అధ్యాయం ముందు రాస్తున్నానని, ఇకమీదట తానూ నేలపనివాళ్ల పద్ధతేనని అందరితోనూ చెబుతున్నారు. నల్ల వలయం దగ్గర ఎర్రతాడు అలాగే ఉంది. కుర్చీ తీసేసి, మూడు కాళ్ల ఇనుప పొయ్యి పెట్టారు.

లిఫ్టు మొదటిసారి పైకి వచ్చినప్పుడు అందులో అత్తగారు ఉన్నారు. ఒక పక్క బస్సు నడిపే కొడుకు, ఒక పక్క రేడియో. పదకొండేళ్ల తర్వాత ఆ అంతస్తు మీద కాలు పెట్టి ఆవిడ అటూ ఇటూ చూశారు. కుడివైపు మైనం కాచిన గది, ఎడమవైపు రాణిగారి గదులు.

"ఎటు వెళ్దాం అత్తయ్యా?" అంది మైనమ్మ.

"ఎటేంటే? పని ఎటు మొదలవుతుందో అటే," అని ఆవిడ కర్ర లోపలి వైపు తిప్పారు.

రెండో గదిలో కొడుకు కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు. కోడలి భుజం పట్టుకుని, మూలుగుతూ, తిడుతూ, ఎలాగో కిటికీ కింద మోకాళ్ల మీద దిగారు. వెలుగు నేరుగా ఆకుల మీద పడుతోంది. చూపు ఆనక వేళ్లతోనే వెతుకుతూ పోయారు. నాలుగు గుంటలూ ఒక్కొక్కటే తడిమారు. గదిలో అందరూ వంగి చూస్తున్నారు. చరిత్రాధికారి చేతిలో కలం సిద్ధంగా ఉంది.

ఆవిడ గోరుతో ఏదో గీకి, దాన్ని కోడలి కళ్ల ముందు పెట్టారు.

"మూడో గుంటలో మైనం. పుల్ల ఏదే?"